డాక్టరు జార్జియానా జోన్స్: స్త్రీవైద్యమునకు ధారవోసిన జీవితము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



ఇటువంటి సభలలో రాజుల పరాక్రమమును గూర్చియో, కవుల ప్రతిభను గూర్చియో, దేశభక్తుల త్యాగమును గూర్చియో ప్రసంగించుట వాడుక. నేటి ప్రసంగమునకు విషయము అమెరికా దేశమున జన్మించి, తొంబదిరెండేండ్లు జీవించి, 2005లో కాలధర్మము నొందిన ఒక వైద్యురాలు. ఆమె పేరు డాక్టరు జార్జియానా సీగర్ జోన్స్. స్త్రీకి నెలనెల ముట్టు ఎట్లు వచ్చును, గర్భము ఎట్లు నిలుచును, ఎందులకు నిలువదు, ముట్లు ఎందులకు ఉడుగును, ఉడుగరాని వయసున ఉడిగినచో కారణమేమి? ఈ ప్రశ్నలే ఆమె యావజ్జీవ వ్యాసంగము. ఇవి సభలో పలుకదగిన మాటలా యని కొందరు పెద్దలకు తోచవచ్చును. సుశ్రుతాచార్యులకు అట్టి సంకోచము లేకపోయెను. పండ్రెండేండ్లు దాటిన పిదప రజస్సు ప్రవర్తిల్లుననియు, ఏబదియేండ్లకు క్షయించుననియు ఆయన తన సంహితలోని శారీరస్థానమున స్పష్టముగా వ్రాసియున్నాడు. పూర్వులు శాస్త్రముగా వ్రాసినదానిని తరువాతివారు రహస్యముగా మార్చుకొనిరి. ఆ రహస్యమునకు వెల చెల్లించుచున్నవారు మాత్రము స్త్రీలు.

జార్జియానా 1912 జూలై 6వ తేదీన బాల్టిమోరు నగరమున జన్మించెను. తండ్రి ప్రసూతి వైద్యుడు. ఆ నగరమందే గౌచరు అను స్త్రీల కళాశాలలో చదివి, 1932లో పట్టము పొంది, జాన్స్ హాప్కిన్స్ వైద్య విద్యాలయమున ప్రవేశించెను. ఈ విద్యాలయమును గూర్చి ఒక మాట చెప్పక ముందునకు సాగరాదు. అది తెరువబడుటకు ధనము చాలక నిలిచియుండగా, బాల్టిమోరు స్త్రీలు కొందరు, వారిలో ముఖ్యురాలు మేరీ గారెట్, ధనము ప్రోగుచేసి యిచ్చి, పురుషులతో సమానముగా స్త్రీలను చేర్చుకొనవలెనని షరతు పెట్టిరి. డబ్బు కావలసిన పెద్దలకు ఒప్పుకొనక తప్పలేదు. 1893లో విద్యాలయము ఆ షరతుతోనే మొదలయ్యెను. చందాలతో నిలిచిన సంస్థ విలువ యెట్టిదో గ్రంథాలయ సభ్యులకు వేరుగ చెప్పనక్కరలేదు. జార్జియానా 1936లో అచ్చట వైద్య పట్టము నొందెను.

అప్పటికి దాదాపు పదియేండ్ల క్రిందట బెర్లినులో ఆష్‌హైము, జాండెక్ అను ఇరువురు వైద్యులు ఒక వింతను కనుగొనియుండిరి. గర్భిణి మూత్రమును ఈడురాని ఆడ చిట్టెలుకకు సూదితో ఎక్కించినచో, దాని అండాశయములు కొలది దినములలోనే పక్వమగును. గర్భనిర్ధారణకు అది నమ్మదగిన పరీక్షగా దేశదేశముల వ్యాపించెను. అయితే ఆ శక్తి గల పదార్థము గర్భిణి శరీరమున ఎచ్చట పుట్టుచున్నది? మెదడు క్రింద సెనగగింజ యంత యుండు పిట్యూటరీ గ్రంథినుండి యని ఆ వైద్యులు తలంచిరి. పెద్దల మాట గనుక లోకమును అట్లే నమ్మెను.

జార్జియానాకు ఆ మాట మనసున కెక్కలేదు. హాప్కిన్సులో జార్జి గై అను శాస్త్రజ్ఞుడు శరీరమునుండి వేరుచేసిన కణములను గాజునాళికలలో పెంచు విద్యయందు ఆరితేరినవాడు. (1951లో హెన్రియెట్టా లాక్స్ అను నల్లజాతి స్త్రీ కంతినుండి, ఆమె అనుమతి లేకయే తీసిన కణములను పెంచి లోకమునకు పంచినవాడు ఇతడే. ఆ కథ వేరు. అంత గర్వింపదగినదియు కాదు.) జార్జియానా ఆయనతోను, మరియొక వైద్యునితోను కలిసి మావి కణములను గాజునాళికలలో పెంచి చూచెను. అచ్చట తల్లి లేదు, పిట్యూటరీ లేదు. గాజుగొట్టములో మావి కణములు మాత్రమే యున్నవి. అయినను ఆ పదార్థము అందు పుట్టుచునే యుండెను. 1938లో ‘సైన్సు’ పత్రికలో ఈ సంగతి వెలువడెను. అప్పుడామె వయసు ఇరువదియారు. ఆ హార్మోనునకు నేడు కోరియానిక్ గొనడోట్రోపిను అని పేరు, పొట్టిగా హెచ్.సి.జి. యందురు. మందుల దుకాణమున కొని, ఇంటిలోనే గర్భమును తెలిసికొను పట్టీ పసిగట్టునది దీనినే. కాన్పైన పిదప మంత్రసాని గోతిలో పాతించెడి మావి, బిడ్డకు ఆహారము నందించుటయే గాక తల్లి అండాశయమునకు ఉత్తరువులు పంపు గ్రంథి కూడ నని రుజువుచేసిన పని యిది. ఈ హార్మోను కథలో మరల వచ్చును. శ్రోతలు గుర్తుంచుకొందురు గాక.

1939లో హాప్కిన్సువారు ఆమెను సంతానోత్పత్తి శాస్త్ర ప్రయోగశాలకు అధికారిణిగా నియమించిరి. మరుసటి యేట హోవర్డు జోన్స్ అను శస్త్రవైద్యుని వివాహమాడెను. ముగ్గురు బిడ్డలు కలిగిరి. ఆయన కత్తిపట్టినవాడు, ఆమె హార్మోనుల నెరిగినది. ఒకరి విద్య రెండవవారికి కొరతను పూరించుచుండెను.

ఆమె యొద్దకు వచ్చువారిలో అనేకులు బిడ్డలు లేనివారు, కడుపు నిలువక పోవుచున్నవారు. ప్రతినెలయు స్త్రీ అండాశయమునుండి ఒక అండము వెలువడును. అది వెలువడిన చోట మిగిలిన పొర పసుపువన్నె గ్రంథిగా మారి, ప్రొజెస్టిరోను అను హార్మోనును స్రవించును. గర్భసంచి లోపొర మెత్తబడి, పిండము నాటుకొనుటకు అనువగుట దీని వలననే. విత్తు మంచిదైనను నేలకు పదును లేనిచో మొలక నిలువదు గదా! కొందరు స్త్రీలలో ఈ పసుపు గ్రంథి వేళకు ముందే వాడిపోవుచున్నదనియు, లేదా చాలినంత హార్మోను నీయకున్నదనియు జార్జియానా గ్రహించి 1949లో ప్రకటించెను. ప్రొజెస్టిరోను నిచ్చి చికిత్స చేయవచ్చుననెను. ఈ లోపమొక్కటే సంతానలేమికి కారణము కాగలదా యను విషయమున వైద్యులలో నేటికిని ఏకాభిప్రాయము లేదు. అది రుజువు కాలేదనువారే నేడెక్కువ. అయితే గాజుపాత్రలో ఫలింపజేసిన పిండమును గర్భమున నిలుపునప్పుడు ప్రొజెస్టిరోను నిచ్చుట నేడు సర్వసామాన్యమైయున్నది.

ఇచ్చట ఒక మాట. బిడ్డలు లేని యింట ‘గొడ్రాలు’ అను పేరు కోడలికే దక్కును. పెండ్లి పేరంటములలో ఆమెను వెనుకకు నెట్టుదురు. మగనికి మారుమనువు మాట లాడుదురు. సంతానలేమి కేసులలో మూడవవంతునకు తగ్గకుండ పురుషుని లోపము పాలుపంచుకొనునని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. వైద్యశాస్త్రముదాక నేల, రామాయణము చదివినవారికి ఈ సంగతి తట్టవలదా? దశరథునకు పట్టపురాణులు మువ్వురు. మువ్వురికిని సంతానము లేదు. పుత్రకామేష్టి చేసినది రాజే. కౌసల్యను గాని, సుమిత్రను గాని, కైకను గాని గొడ్రాలని ఎవరును త్రోసిపుచ్చలేదు. పారాయణము చేయు ఇండ్లలోనే కోడలిని ఆ మాట యనుట వింతలలో వింత.

ఇక ముట్లుడుగుటను గూర్చి జార్జియానా గావించిన పని. ఆడశిశువు పుట్టునప్పుడే ఆమె అండాశయములలో పదిలక్షలనుండి ఇరువదిలక్షల దాక అండములుండును. ఈడేరునాటికి మూడు నాలుగు లక్షలు మిగులును. జీవితకాలమున వెలువడునవి నన్నూరుకు అటునిటు. మిగిలినవి లోలోపలనే ఎండిపోవును. ఇది జమ లేక ఖర్చు మాత్రమే గల పద్దు. నిలువ తరిగినప్పుడు ముట్లుడుగును. పాశ్చాత్య దేశములలో అది సగటున 51వ యేట, భారతదేశమున అంతకు నాలుగైదేండ్లు ముందుగా జరుగుచున్నది. ఒడలెల్ల ఆవిరులు క్రమ్ముట, నిదుర పట్టకపోవుట, చిరాకు, ఎముకలు పలుచబడుట మొదలగునవి ఈస్ట్రోజను తగ్గుట వలన కలుగు మార్పులు. ‘ముసలితనమున చాదస్తము’ అని నవ్వి యూరకుండదగినవి కావు.

ఆ సమయమున శరీరములో జరుగు మరియొక సంగతి మిక్కిలి ఆసక్తికరము. అండములను పండింపుమని అండాశయమునకు ఉత్తరువు పంపునది పిట్యూటరీ గ్రంథి. అండాశయము ఈస్ట్రోజనును పంపి బదులు చెప్పును. ఆ బదులు చూచి పిట్యూటరీ తన ఉత్తరువులను తగ్గించుకొనును. అండములు ముగిసిన పిదప బదులు రాదు. శిస్తు రాని గ్రామమునకు కచేరీనుండి తాఖీదు మీద తాఖీదు వచ్చినట్లు, పిట్యూటరీ తన హార్మోనులను మునుపటికంటె అనేకరెట్లు కుమ్మరించును. వినువారు లేని ఆ ఉత్తరువులు మూత్రముతో బయటకు పోవుచుండును.

నలువది యేండ్లు నిండకయే ముట్లుడిగిన స్త్రీలను జార్జియానా పరిశీలించి, తోడి పరిశోధకులతో కలిసి 1967లో ఒక వ్యాసము ప్రకటించెను. నూటికి ఒకరికైనను ఈ యిడుమ కలుగుచున్నది. రెండేండ్ల తరువాత ఆమె మరియొక చిత్రమును బయటపెట్టెను. కొందరు పడుచు స్త్రీలలో ముట్లు నిలిచినవి. పరీక్షలో పిట్యూటరీ హార్మోను వృద్ధులలో వలె హెచ్చుగ నున్నది. కాని అండాశయమును పరీక్షింపగా అండములు నిండుగ నున్నవి! అనగా పంట లేకపోలేదు. తాఖీదు చెవికెక్కుట లేదు. ‘ఈమెకు ముట్లుడిగినవి, ఇంటికి పంపుడు’ అని రక్తపరీక్ష చూచి తీర్పు చెప్పుటకు ముందు ఒక్క క్షణము నిలువవలెనని ఈ పరిశోధన వైద్యులకు నేర్పెను.

ఈ సందర్భమున తెలుగునాట సంగతి తలపక తప్పదు. 2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుండి 49 ఏండ్ల లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమున నూటికి ముగ్గురు కాగా, ఆంధ్రప్రదేశమున దాదాపు తొమ్మండుగురు, తెలంగాణమున దాదాపు ఎనమండుగురు. ఈ రెండు రాష్ట్రములే దేశమున మొదటి రెండు స్థానములు. తెల్లబట్ట యని, నడుమునొప్పి యని, ముందు ముందు క్యాన్సరు రావచ్చునను భయమున, ముప్పది, ముప్పదియైదేండ్లకే ఆపరేషను చేయించుకొన్న కూలిస్త్రీలు ఏ యూరిలో లేరు? ‘పిల్లలు పుట్టిరి గదా, ఇక సంచితో నేమి పని’ యనుమాట వాడుకయైపోయెను. క్యాన్సరు నిజముగా నున్నప్పుడు, పెద్ద కంతులున్నప్పుడు, మందులకు లొంగని రక్తస్రావమున్నప్పుడు ఈ చికిత్స ప్రాణదానమే. కాని సంచితోపాటు అండాశయములను గూడ తీసివేసినచో, పదునైదేండ్ల తరువాత మెల్లగా రావలసిన ముట్లుడుగుట ఒక్క దినమున వచ్చి మీదపడును. ఎముకలకు, గుండెకు కీడు. అండాశయములను ఉంచినను అవి కొంత ముందుగనే అలసిపోవచ్చును. పరీక్ష లేకయే కత్తి చూపువానిని ‘ఏ వ్యాధికి? వేరు మందు లేదా? అండాశయములను ఉంచెదరా?’ అని అడుగుటకు పెద్ద చదువు అక్కరలేదు. సందేహమున్నచో రెండవ వైద్యుని చూడవలెను.

మరల కథకు వత్తము. మూత్రముతో వృథాగా పోవుచున్న ఆ హార్మోనును పట్టుకొన్నవాడు రోము నగరమందలి పియెరో డోనీనీ. 1949 ప్రాంతమున సెరోనో అను ఔషధసంస్థలో పనిచేయుచు, ముట్లుడిగిన స్త్రీల మూత్రమునుండి దానిని శుద్ధిచేసి తీసెను. చికిత్సకు సరిపడునంత కావలెనన్న, ముట్లుడిగిన స్త్రీల మూత్రము ప్రతిదినము కుండలకొలది కావలెను. ఎవరిత్తురు? పోపుగారి బంధువొకరు ఆ సంస్థ పెద్దలలో నుండెను. ఆయన మూలమున ఇటలీ దేశమందలి వృద్ధ క్రైస్తవ సన్యాసినుల మఠములు ఈ పనికి సమ్మతించెను. అట్లు తయారైన మందుతో బ్రూనో లునెన్‌ఫెల్డు అను వైద్యుని పర్యవేక్షణలో 1962లో ఇజ్రాయేలు దేశమున తొలి శిశువు జన్మించెను. పెండ్లాడక, బిడ్డల నెరుగక, దైవసేవలో వృద్ధులైన ఆ తల్లుల పేర్లు లోకమెరుగదు. వారి శరీరములు పారవేసినది వేలకొలది యిండ్లలో ఊయెల కట్టించెను.

ఇక జార్జియానా జీవితమున ఉత్తరార్ధము. హాప్కిన్సులో పదవీవిరమణ వయస్సు రాగా, దంపతు లిరువురును వర్జీనియా రాష్ట్రమందలి నార్‌ఫోక్ పట్టణమున క్రొత్తగా వెలసిన వైద్య కళాశాలకు తరలిరి. సామానుతో వారు ఆ యూరు చేరిన దినము 1978 జూలై 25. సరిగా ఆ దినముననే ఇంగ్లండులో ఎడ్వర్డ్సు, స్టెప్టో అనువారి కృషివలన లోకమున తొలి ‘టెస్టుట్యూబు బేబి’ లూయీ బ్రౌను జన్మించెను. ఎడ్వర్డ్సు 1965లో హాప్కిన్సునకు వచ్చి ఆరువారములు జోన్సుల యొద్ద పనిచేసినవాడే. (ఆయనకు 2010లో నోబెలు బహుమతి వచ్చెను.) విలేకరి యొకడు వారింటికి వచ్చి, ఇటువంటిది ఈ యూరిలో జరుగునా యని అడుగగా, ధనమున్నచో జరుగునని హోవర్డు బదులుచెప్పెను. అది పత్రికలో చదివి, పూర్వము జార్జియానా యొద్ద చికిత్స పొందిన యొక స్త్రీ ధనమిచ్చుటకు ముందుకు వచ్చెను. అప్పటికి జార్జియానాకు అరువదియారేండ్లు, హోవర్డునకు అరువదియేడు. మనుమలను ఆడించుకొను వయసున వారు క్రొత్త ప్రయోగశాల కట్టిరి.

దారి సుగమము కాలేదు. 1979లో అనుమతికొరకు జరిగిన బహిరంగ విచారణలో, ఇది దైవకార్యమున జోక్యమనియు, పిండహత్య యనియు అనేకులు గర్జించిరి. 1980 మార్చి నెలలో వైద్యశాల తెరువబడెను. ఇంగ్లండువారి పద్ధతినే అనుసరించి, మందులు లేక, ప్రకృతి యిచ్చు ఒక్క అండమునే తీసి ఫలింపజేయ యత్నించిరి. ఆ సంవత్సరము నలువదియొక్క ప్రయత్నములు చేసిరి. ఒక్కటియు ఫలింపలేదు.

అప్పుడు త్రోవ చూపినది జార్జియానా. సన్యాసినుల మూలమున వచ్చిన ఆ హార్మోను నిచ్చి, ఒక్క అండమునకు బదులు మూడు నాలుగు పండింపవచ్చును గదా యనెను. ఇంగ్లండువారు దానిని మొదట ప్రయత్నించి, ఫలింపక విడిచినవారు. గురువులు విడిచినదానిని శిష్యులు పట్టుట సాహసమే. ఆమెకు ధైర్యమిచ్చినది నలువదియేండ్ల అనుభవము. ఆ హార్మోనుతో అండములను పెంచి, తుదకు అవి పక్వమగుటకు 1938లో తాను మావియందు కనుగొనిన హెచ్.సి.జి.నే సూదిగా వేయించెను. అనగా ముట్లుడిగిన స్త్రీ యిచ్చినదొకటి, గర్భిణి యిచ్చినదొకటి. ఈ రెండును కలిసి మూడవ స్త్రీకి కడుపు పండించు ఉపాయము. ఆస్ట్రేలియా వైద్యులును ఆ కాలముననే వేరొక మందుతో ఇట్టి త్రోవనే పట్టియుండిరి. 1981 డిసెంబరు 28న నార్‌ఫోకులో ఎలిజబెత్ కార్ జన్మించెను. అమెరికా దేశమున ఈ విధమున పుట్టిన తొలి శిశువు ఆమె. తల్లి అంతకుముందు మూడుసార్లు గర్భము అండనాళమున నిలిచి ప్రాణాపాయము నెదుర్కొని, నాళములు కోల్పోయిన ఉపాధ్యాయిని.

గర్వముతోను దుఃఖముతోను చెప్పవలసినదొకటి కలదు. ఈ హార్మోనుతోనే అండములను పండించి, పిండమును అతిశీతలమున భద్రపరచి, తరువాతి నెలలలో గర్భమున నిలిపిన వైద్యుడు కలకత్తాలో అప్పటికే యుండెను. ఆయన డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయ. లూయీ బ్రౌను పుట్టిన అరువదియేడు దినములు గాక డెబ్బది దినములకు, 1978 అక్టోబరు 3న, ఆయన కృషివలన ‘దుర్గ’ యను శిశువు జన్మించెను. ప్రభుత్వము వేసిన సంఘము ఆయన మాట నమ్మలేదు. విదేశ సభకు పోనీయలేదు. సంబంధములేని కంటివైద్య సంస్థకు బదిలీ చేసిరి. 1981 జూన్ 19న ఆయన ఆత్మహత్య గావించుకొనెను. ఆరునెలల తరువాత అదే త్రోవన నార్‌ఫోకులో బిడ్డ పుట్టగా లోకము పొగడెను. ఆ కలకత్తా కాగితములను చదివి, తమకు దక్కిన ‘భారతదేశమున ప్రథములు’ అను కీర్తిని విడిచి, ఆ గౌరవము ముఖోపాధ్యాయదేనని 1997లో ప్రకటించిన శాస్త్రజ్ఞుడు టి.సి. ఆనందకుమార్. అట్టి నిజాయితీ అరుదు. గాంధారి కుండలను చూపి ‘ఇవియన్నియు మనకు పూర్వమే యుండెను’ అని సభలలో చెప్పుకొనువారు, కండ్లయెదుట నున్న పండితుని కాపాడుకొనలేకపోయిన సంగతి కూడ చెప్పుకొనవలెను.

నార్‌ఫోకు సంస్థకు పిమ్మట జోన్స్ దంపతుల పేరే పెట్టిరి. దేశదేశములనుండి వైద్యులు వచ్చి అచ్చట నేర్చుకొనిపోయిరి. మూత్రమునుండి తీసిన మందునకు తోడుగా 1990వ దశకమున ప్రయోగశాలలో కణములచే చేయించిన శుద్ధ హార్మోను వచ్చెను. మఠములకు బండ్లు పంపనక్కర తీరెను. వార్ధక్యమున జార్జియానాకు మతిమరపు వ్యాధి సోకెను. హార్మోనుల రాకపోకలను లెక్కగట్టి చెప్పిన ఆ మేధస్సు క్రమముగా మసకబారెను. 2005 మార్చి 26న ఆమె మరణించెను. హోవర్డు మరి పదియేండ్లు జీవించి, 2015లో నూటనాలుగవ యేట గతించెను.

2010 ఆగస్టు నెలలో ఎలిజబెత్ కార్, ఏ మందును ఏ గాజుపాత్రయు లేకయే, సహజముగా గర్భవతియై మగశిశువును కనెను. ఆ కబురు వినుటకు హోవర్డు మాత్రమే మిగిలియుండెను. అప్పుడాయనకు తొంబదితొమ్మిదేండ్లు.